గీత కార్మికునికి ‘కాటమయ్య రక్షణ కవచం’ – నిత్య పరీక్షతోనే భద్రత

తాటిచెట్టుపై నుంచి జారిపడి గీత కార్మికులు ప్రాణాలు కోల్పోవడం, వెన్నెముక దెబ్బతిని మంచానికే పరిమితం కావడం తరతరాలుగా జరుగుతున్నదే. ఈ ప్రమాదాల నివారణకు తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట భద్రతా కిట్ల పంపిణీ చేపట్టిన విషయం విదితమే. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి ఎ.రేవంత్‌రెడ్డి ఈ పథకాన్ని ప్రారంభించారు. అయితే కిట్టు చేతికి అందినంత మాత్రాన రక్షణ లభించినట్లు కాదు. పట్టీ తెగితే కవచం ఉన్నా లేనట్లే.

మోకు, ముస్తాదు గీత కార్మికునికి చెట్టెక్కేందుకు ఆధారాలు. వాటి వాడకంలో అతని నైపుణ్యం తిరుగులేనిది. కాని కాలు జారి, చేతిపట్టు తప్పిన క్షణంలో మనిషిని నిలిపేందుకు నైపుణ్యం ఒక్కటే చాలదు. తొడలకు, నడుముకు బిగించిన పట్టీలు, చెట్టును చుట్టిన తాడు, రెండింటినీ కలిపే లోహపు కొక్కీ ఆ పని చేస్తాయి. ఈతచెట్టు ఎత్తు తక్కువేనన్న ధీమాతో కవచాన్ని ఇంట్లో వదిలి వెళ్లడం సరికాదు. పది అడుగుల పైనుంచి పడినా వెన్ను విరగవచ్చు.

చెట్టెక్కే ముందు పట్టీని రెండు చేతులతో వంచి, అంగుళం అంగుళం చూసుకోవాలి. వంచినప్పుడే దాగి ఉన్న కోతలు, తెగిన పోగులు బయటపడతాయి. గీత కత్తి పక్కనే వేలాడే వృత్తి కనుక ఈ పరీక్ష మరింత ముఖ్యం. కుట్లు ఊడినా, రంగు బాగా వెలిసి పట్టీ బిరుసెక్కినా వాడరాదు. ఎండ తీవ్రతకు నైలాన్, పాలిస్టర్ దారాలు రెండూ బలం కోల్పోతాయి. పులిసిన కల్లులోని ఆమ్లం నైలాన్‌కు, కుండకు పూసే సున్నం పాలిస్టర్‌కు హాని చేస్తాయి. కల్లు జిగురు పట్టిన కొక్కీ పూర్తిగా మూసుకోక తెరచి ఉండిపోవచ్చు. అది దానంతట అదే మూసుకొని గట్టిగా బిగుసుకుంటున్నదో లేదో ప్రతిసారీ చూడాలి. చివరగా, నేలకు మోకాలెత్తులోనే తాడు కట్టి, పూర్తి బరువు మోపి కూర్చుని చూడటం ఉత్తమం.

మురికి పట్టిన పట్టీలను మామూలు సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎరువులు, పురుగుమందులు నిల్వచేసే గదిలో, ఎలుకలు తిరిగే అటకపై ఉంచరాదు. తెగిన తాడును ముడివేసి వాడటం ప్రాణాంతకం. ఒకసారి మనిషిని పడకుండా ఆపిన కిట్టు చూపుకు బాగున్నా మళ్లీ పనికిరాదు. ఖరీదైన వస్తువును పారవేయడానికి మనసొప్పని కార్మికునికి మారు కిట్టు దొరుకుతుందన్న నమ్మకం కల్పించవలసినది సంబంధిత అధికారులే.

కవచం ఆపిన మనిషిని కిందికి దించడం మరో సమస్య. కదలిక లేకుండా పట్టీలకు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి, కొద్ది నిమిషాలలోనే స్పృహ తప్పే ప్రమాదముంది. 108 వాహనం చెట్టు మొదలు వరకే రాగలదు. అందువల్ల కేక వినిపించే దూరంలో మరో కార్మికుడు, అతని వద్ద మరో కిట్టు ఉండేలా చూసుకోవాలి.

ప్రమాదం జరిగినప్పుడు ‘మోకు జారి పడ్డాడు’ అన్న ఒక్క వాక్యంతో విచారణ నివేదికలు, పత్రికా వార్తలు ముగుస్తున్నాయి. కార్మికుడు కవచం ధరించాడా, ధరిస్తే ఏ భాగం విఫలమైంది, దానిని చివరిసారి ఎవరు, ఎప్పుడు పరీక్షించారు అన్న వివరాలు కూడా అందులో నమోదు కావలసి ఉంది.