గురుపూజోత్సవం మే నెలకి ఎందుకు వెళ్లింది?

ఈమాక్స్ అనే ఎడిటర్‌లో పనుల పట్టిక రాసుకోవడానికి ఆర్గ్ మోడ్ ఉంటుంది. దాన్ని 2003లో కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త మొదలుపెట్టారు. ఆగస్టులో కూర్చుని, గురుపూజోత్సవానికి గుర్తుగా అందులో 5/9 అని కొట్టి చూడండి. వచ్చే ఏడాది మే 9 అని నమోదవుతుంది!

ఎందుకు? మనం ముందు రోజు, తర్వాత నెల రాస్తాం. అడ్డగీత కనిపిస్తే ఆర్గ్ మోడ్ అమెరికా పద్ధతిలో మొదటి అంకెను నెలగా తీసుకుంటుంది. పైగా పనులన్నీ ముందు చేయాల్సినవే కదా! అందుకే, గడిచిపోయిన మే నెలను వదిలి వచ్చే ఏటి మేని పట్టుకుంటుంది. ఆలోచిస్తే ఇది తెలివైన ఏర్పాటే.

మరి సరిచేయడం ఎలా? 5.9. అని, చివరి చుక్కతో సహా కొట్టండి. అప్పుడు మన వరుసలోనే చదువుతుంది. అనుమానమే వద్దనుకుంటే సంవత్సరం, నెల, రోజు వరుసలో 2027-09-05 అని పూర్తిగా రాయండి. సమయానికి ఉత్త 9 చాలదు, అది తొమ్మిదో తేదీ అయిపోతుంది. 9:00 అనాలి. నాలుగు రోజుల తర్వాతకైతే +4 చాలు.

మీరు కొడుతుండగానే, దానికి అర్థమైన తేదీ పక్కనే కనిపిస్తుంది. ఎంటర్ నొక్కేముందు దాన్ని తప్పకుండా చదవండి.