అరకు ఘాట్ రోడ్డు భద్రత

అరకు ఘాట్ రోడ్డు తూర్పు కనుమలలో శృంగవరపుకోట వైపు నుండి అనంతగిరి మీదుగా అరకు లోయకు వెళ్ళే కొండదారి. ఇది రాజమహేంద్రవరం నుండి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఇ జాతీయ రహదారిలో భాగం. విశాఖపట్నం నుండి అరకు సుమారు 115 కి.మీ. దూరంలో ఉన్నది. అనంతగిరి, అరకు లోయ మండలాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి.

ప్రాముఖ్యత

బొర్రా గుహలకు, అరకు లోయకు వచ్చే పర్యాటకుల వలన స్థానికులలో అనేకులకు ఉపాధి లభిస్తున్నది. గిరిజనులు సంతకు వెళ్ళుటకు, రోగులను విశాఖపట్నంలోని పెద్ద ఆసుపత్రులకు తరలించుటకు కూడా ఇదే ప్రధాన మార్గం. కావున ఇక్కడి భద్రత పర్యాటకులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ప్రమాదాలకు కారణాలు

దారికి ఒక ప్రక్క కొండ, మరొక ప్రక్క లోయ ఉంటాయి. మలుపుల వద్ద ఎదుటి వాహనం కనిపించదు. శీతాకాలంలో పర్యాటకుల రద్దీ, దట్టమైన పొగమంచు ఒకేసారి వస్తాయి. వానాకాలంలో కొండచరియలు విరిగిపడుతుంటాయి.

ఎక్కుట కంటే దిగుట ప్రమాదకరం. ఎడతెగకుండా బ్రేకు తొక్కినచో అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. మైదాన ప్రాంతపు డ్రైవర్లకు ఈ విషయంలో అనుభవం తక్కువ. 2021 ఫిబ్రవరి 12 సాయంత్రం హైదరాబాదు పర్యాటకులతో అరకు నుండి తిరిగి వస్తున్న ఒక బస్సు అనంతగిరి మండలం డముకు వద్ద లోయలో పడి నలుగురు మరణించారు.

భద్రతా చర్యలు

* దిగేటప్పుడు తక్కువ గేరులో నడపాలి. అప్పుడు ఇంజనే వేగాన్ని అదుపు చేస్తుంది. న్యూట్రల్‌లో నడపరాదు.
* ఇరుకైన చోట ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి. ఇది మోటారు వాహన నిబంధనలలో ఉన్నది.
* మలుపు వద్ద హారను మ్రోగించాలి, ఎదుటి వాహనాలను దాటరాదు.
* పొగమంచులోను, రాత్రివేళ ప్రయాణం మానుట మేలు.
* మలుపుల వద్ద రక్షణ గోడలు, కుంభాకార దర్పణాలు, మెరిసే సూచికలు అవసరం.

రక్షణ గోడ కొన్ని వాహనాలను ఆపగలదు గాని, అదుపు తప్పి వేగంగా వచ్చే బస్సును ఆపుతుందని చెప్పలేము. రోడ్డును వెడల్పు చేస్తే వాహనాలు తప్పుకొనుట సులభమవుతుంది. అయితే దానితో వేగం కూడా పెరిగినచో తలపై మోతలతో అంచున నడిచే గిరిజనులకే ముప్పు ఎక్కువ. అందువలన వెడల్పుతో పాటు వేగ నియంత్రణ, కాలిబాట, బస్సులు బయలుదేరే ముందే బ్రేకుల తనిఖీ కూడా ఉండాలి.

ప్రత్యామ్నాయం

కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం సొరంగాల గుండా బొర్రా, అరకులను కలుపుతుంది. 2017లో ఈ మార్గంలో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను ప్రవేశపెట్టారు. రైలులో వచ్చే ప్రతి పర్యాటక బృందం వలన ఘాట్ రోడ్డుపై ఒక వాహనం తగ్గుతుంది.