తెగిన అంచులు – యంత్రదృష్టి

రోగి దేహమునుండి పరీక్షకై తీసిన చిన్న తునుకను సూక్ష్మదర్శినితో చిత్రించినచో, ఆ చిత్రమున నొక్కొక్క వైపున లక్షకు చేరువగా చుక్కలుండవచ్చును. అంతటి చిత్రము గణనయంత్రపు జ్ఞాపకమున నొక్కసారిగా పట్టదు. కుదించితిమా, రాచపుండు కణములు మరుగుపడును. కావున దానిని పలకలుగా కోయవలయును.

కోయుటలో నొక చిక్కు గలదు. చినిగిన దస్తావేజు అంచున కుడికొమ్ము తెగిన “మ” కారము “వ” కారమువలె కనబడును గదా! అట్లే పలక అంచున తెగిన కణమును గూర్చి యంత్రము పొరబడును. అతుకుచోట తప్పిపోయిన చిన్న మచ్చయే ప్రాణమునకు ముప్పు కావచ్చును.

2015లో జర్మనీదేశపు ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమున రోనెబెర్గరు, ఫిషరు, బ్రాక్సు అను పండితులు కణచిత్రములకై యూ-నెట్ అను పద్ధతిని ప్రకటించిరి. అందు యంత్రము 572 చుక్కల చదరమును చూచి, నడుమనున్న 388 చుక్కల చదరమునకే తీర్పు చెప్పును. చుట్టునున్న 92 చుక్కల అంచు సాక్ష్యమునకు మాత్రమే. ఆ అంచునకు తీర్పు ప్రక్కపలక చెప్పును. ఇట్లు పలకలు ఒకదానిపై నొకటి కొంత కప్పుకొనును; తీర్పులు మాత్రము అతుకు కనబడక కలియును. చిత్రపు కొసలయందు పొరుగు లేదు గనుక, లోపలి భాగమునే అద్దమునందువలె త్రిప్పి చేర్తురు.

ఇరుగుపొరుగుల నెరిగి చెప్పిన తీర్పే నమ్మదగినది. ఇది యంత్రమునకును చెల్లును.