హెరింగ్ వ్యాపారి, పురపాలక సభ్యుడు: విక్ రేవు కథ

మన పులసకు దూరపు చుట్టమైన హెరింగ్ చేప ఒడ్డుకు చేరిన కొద్ది గంటల్లోనే చెడిపోనారంభిస్తుంది. స్కాట్లండ్ ఈశాన్యపు కొసనున్న విక్ పట్టణాన్ని పందొమ్మిదవ శతాబ్దంలో శాసించినది ఈ ఒక్క గుణమే. చేపను తెచ్చేది పడవవారే అయినా, వెంటనే కడుపు చీల్పించి, ఉప్పు పట్టించి, పీపాలలో పేర్పించగలిగిన వ్యాపారే దానికి విలువ కట్టేవాడు. ఊరి పాలకసభల్లోనూ అతనికి చోటు దక్కడం సహజమే.

అతని సంవత్సరం చలికాలంలోనే మొదలయ్యేది. రాబోయే వేసవికి పడవవారితో ఒప్పందం కుదిరేది: సాధారణంగా మొదటి 200 క్రాన్‌ల చేపకు ముందే నిర్ణయించిన ధర, పైన బయానా, కొంత విస్కీ. క్రాన్ అంటే ముప్పై ఏడున్నర గ్యాలన్ల కొలత. అందులో సుమారు వెయ్యి చేపలు పడతాయి. చేపలు చీల్చే స్త్రీలకూ బయానా ముట్టేది. ఇద్దరు చీల్చేవారు, ఒకరు పేర్చేవారు కలిస్తే ఒక జట్టు. సరుకు తొలినాళ్ళలో ఐర్లండుకు, వెస్టిండీస్ తోటల్లోని బానిసల తిండికి వెళ్ళేది; బానిసత్వం రద్దయ్యాక బాల్టిక్ రేవులే ప్రధానమైన అంగడి అయ్యాయి. అక్కడ ధర పడిపోతే ఇక్కడ వ్యాపారి దివాలా తీసేవాడు.

అయితే ప్రాణాపాయం మాత్రం అతనిది కాదు. 1848 ఆగస్టు 18 రాత్రి తుఫానులో పైకప్పు లేని పడవలు తిరిగివస్తే, పోటు లేని వేళ రేవు ముఖద్వారంలో వాటికి చాలినంత లోతు లేదు. తూర్పు తీరంలో సుమారు వందమంది మరణించగా, వారిలో 37 మంది విక్ దగ్గర మునిగిపోయారు. విచారణ జరిపిన కెప్టెన్ వాషింగ్టన్ లోతైన రేవులు, పైకప్పున్న పడవలు అవసరమన్నాడు. కూలిలో భాగంగా విస్కీ ఇచ్చే పద్ధతిని తప్పుపట్టాడు.

ఆ మాటలు వ్యాపారికి నేరుగా తగిలేవే. కానీ 1833 నాటి సంస్కరణ తరువాత కూడా స్కాట్లండ్ పట్టణాల్లో ఓటు 10 పౌండ్ల విలువగల ఇల్లున్న పురుషులకే దక్కింది. మునిగినవారి భార్యలకు, చేపలు చీల్చే స్త్రీలకు ఆ సభల్లో గొంతు లేదు. మురుగు, నీరు, వీధుల శుభ్రత గురించి తీర్మానించే చోట, చేపల వ్యర్థం పోగుపడే పెరటి యజమాని కూర్చోగలిగేవాడు.

1884లో చేప విపరీతంగా పడి ధరలు కూలాయి. ముందస్తు ఒప్పందం స్థానంలో క్రమంగా రేవులోనే వేలంపాట వచ్చింది. వ్యాపారి నెత్తిన ఉన్న ధర భారం కూడా పడవవారి మీదికి మారింది. సముద్రపు అపాయం అంతకుముందే వారిది.