క్యాలెండరులో నడక: మీటల ఎంపికను గురించి

కంప్యూటరు తెరమీద బొమ్మలును రంగులును లేకుండ అక్షరములను, అంకెలను మాత్రమే చూపు క్యాలెండరులు కొన్ని కలవు. వానితో మౌసుకు పని లేదు. ఒక తేదీనుండి మరియొక తేదీకి పోవలెనన్నను, రాబోవు నెలకు దాటవలెనన్నను, నేటి తేదీకి తిరిగి రావలెనన్నను కీబోర్డుమీది మీటలే ఆధారము. ఏ పనికి ఏ మీట ఉండవలయునను ప్రశ్న చూచుటకు మిక్కిలి చిన్నది. తెలుగు చదువుకొను మన బిడ్డలకు మాత్రము అది చిన్నది కాదని మా అభిప్రాయము. అందులకు కారణములను తల్లిదండ్రులకు విన్నవింపదలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇట్టి క్యాలెండరులు పాతబడిన యంత్రములమీదను చక్కగా పనిచేయును. ఇంటర్‌నెట్టు లేకున్నను నడచును. పరీక్ష తేదీలు, ఫీజు గడువులు, పండుగలు, ఊరి ప్రయాణములు అన్నియు ఒక చిన్న ఫైలులో ఇముడును. ఒక్క ఖోలీలో నలుగురైదుగురు కాపురముండి, ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరుతో పని గడుపుకొను కుటుంబములకు ఇది తీసివేయదగిన సౌకర్యము కాదు.

కామాఠీపురాలో ఇల్లు వెదకువారికి గల్లీల సంగతి తెలిసినదే. నిజాము రాజ్యములోని తెలుగు ప్రాంతములనుండి కట్టడపు పనులకై వచ్చిన కామాఠీలు నివసించినందున ఆ పేటకు ఆ పేరు కలిగినది. దాని గల్లీలకు సంఖ్యలే వాడుకలో ఉన్నవి. గల్లీ పొడవున నడచుట ఒక నడక. ఆరవ గల్లీనుండి పదకొండవ గల్లీకి అడ్డముగా దాటుట మరియొక నడక. క్యాలెండరులోను ఇట్టి నడకలే రెండు ఉన్నవి. దినమునుండి దినమునకు పోవుట ఒకటి, వారమునుండి వారమునకు దాటుట రెండవది.

మొదటి చిక్కు ఇక్కడనే వచ్చుచున్నది. మన ఇండ్ల గోడలను చూడుడు. 1973లో ముంబయిలో మరాఠీలో ఆరంభమైన కాలనిర్ణయ్ గాని, తెలుగునాట ఇంటింట వ్రేలాడు వెంకట్రామా వారి క్యాలెండరు గాని, ఆదివారము, సోమవారము మొదలగు పేర్లను ప్రక్కన పైనుండి క్రిందికి వ్రాయును. కావున గోడమీద రేపటి తేదీ నేటి తేదీకి క్రింద ఉండును. రాబోవు వారము కుడిప్రక్కన ఉండును. కంప్యూటరు క్యాలెండరులలో చాలభాగము ఇందుకు విరుద్ధము. వానిలో వారముల పేర్లు పైన అడ్డముగా ఉండును. రేపు కుడిప్రక్కన, రాబోవు వారము క్రింద. పుట్టినది మొదలు గోడను చూచి పెరిగిన బిడ్డ రేపటి తేదీకి పోవుటకై క్రిందివైపు బాణపు మీటను నొక్కును. తెర ఏడు దినములు దాటించును. బిడ్డకు కంప్యూటరు రాదని పెద్దలు అనుకొందురు. బిడ్డకు వచ్చిన దానిని యంత్రము తలక్రిందులుగా చూపినదని ఎవరికిని తోచదు.

యూనిక్స్ జాతి వ్యవస్థలలో క్యాల్ అను చిన్న ప్రోగ్రాము కలదు. అది వారముల పేర్లను అడ్డముగా అచ్చువేయును. ఎన్‌క్యాల్ అను దాని తోబుట్టువు మన గోడ క్యాలెండరువలెనే నిలువుగా అచ్చువేయును. ఈ రెండింటను నడక లేదు, చూచుట మాత్రమే. అయినను రెండు పద్ధతులును యంత్రమునకు సమ్మతమేయని వీనివలన తెలియుచున్నది. మీట కంటికి కనబడు గళ్లను అనుసరింపవలయును. గళ్లు తిరిగినచో మీటలును తిరుగవలయును. తక్కిన నియమములకు ముందు దీనిని పెట్టవలయునని మేము తలచుచున్నాము.

బాణపు మీటలు ఉండగా అక్షరపు మీటలు ఎందులకని కొందరు అడుగవచ్చును. దీనికొక చరిత్ర ఉన్నది. 1976 ప్రాంతమున అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయములో బిల్ జాయ్ అను విద్యార్థి వీఐ అను వ్రాత ప్రోగ్రామును కూర్చెను. అతడు వాడిన ఏడీఎం-3ఏ అను యంత్రమునకు వేరుగా బాణపు మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ అను నాలుగు అక్షరముల మీటలమీదనే బాణముల గుర్తులు ముద్రింపబడి యుండెను. హెచ్ ఎడమకు, జె క్రిందికి, కె పైకి, ఎల్ కుడికి. ఆ యంత్రములు పోయినవి గాని అలవాటు పోలేదు. క్యాల్‌కర్స్ అను అక్షరముల క్యాలెండరులో నేటికిని బాణములతోపాటు ఈ నాలుగును పనిచేయును. ఏ ఆంగ్లపదమునకును ఇవి మొదటి అక్షరములుగా ఎన్నుకొనబడలేదు. కుడిచేతి వ్రేళ్లు సహజముగా ఆను చోట ఉండుటయే వీని గుణము.

ఈమాక్స్ అను మరియొక ప్రోగ్రాములో ఎడ్వర్డ్ రైన్‌గోల్డ్ రచించిన క్యాలెండరు వేరు దారి పట్టినది. అందు కంట్రోలు మీటతో ఎఫ్ నొక్కిన మరుసటి దినము, బి నొక్కిన ముందటి దినము, ఎన్ నొక్కిన మరుసటి వారము, పి నొక్కిన ముందటి వారము వచ్చును. ఫార్వర్డ్, బ్యాక్‌వర్డ్, నెక్స్ట్, ప్రీవియస్ అను మాటల మొదటి అక్షరములివి. ఆంగ్లము వచ్చినవారికి జ్ఞాపకముంచుకొనుట సులభము. నేటి తేదీకి వచ్చుటకు చుక్క మీటను ఉంచినారు. ఈ చుక్కను పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

ఇప్పుడు మన బిడ్డ తెలుగులో తన గుర్తులు వ్రాసికొనుటకై కీబోర్డును తెలుగునకు మార్చినాడనుకొందము. భారతీయ భాషలన్నింటికి ఉమ్మడిగా ఏర్పరచి, 1991లో జాతీయ ప్రమాణములో చేర్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో హెచ్ మీట ‘ప’ అక్షరమును, జె ‘ర’ను, కె ‘క’ను, ఎల్ ‘త’ను ఇచ్చును. క్యాలెండరుకు ‘ప’ అనగా ఏమో తెలియదు. కదలదు, లేదా కూతపెట్టి ఊరకుండును. కంట్రోలు మీటతో కలిపి నొక్కినను చాలచోట్ల ఇదే కథ. బిడ్డ తిరిగి ఆంగ్లమునకు మారి, కదలి, మరల తెలుగునకు మారి వ్రాయవలయును. పదిసార్లు ఇట్లు చేసిన పిమ్మట తెలుగులో వ్రాయుటయే మానును. తెలుగు కంప్యూటరుకు పనికిరాదను మాట మన చాళ్లలో ఇట్టి చోటులనుండియే పుట్టుచున్నదని మా అనుభవము. పనికిరానిది భాష గాదు, మీటల ఎంపిక.

అట్లయిన తెలుగు మాటల మొదటి అక్షరములనే మీటలుగా పెట్టుకొందమని అభిమానులు అందురు. వినుటకు ఇంపుగా ఉన్నది. పరీక్షించి చూతము. ‘నేడు’నకు ‘న’ అందమా, ‘నిన్న’కును అదే ‘న’. ‘సంవత్సరము’నకు ‘స’ అందమా, ఆ అక్షరము ఇన్‌స్క్రిప్ట్‌లో ఎమ్ మీటమీద ఉన్నది; ఆంగ్లము వాడు తమ్మునికి ఎమ్ అనగా మంత్, అనగా నెల. ‘తిథి’కి ‘త’ పెట్టిన అది కుడివైపు నడకకు అడ్డుపడును; ‘పక్షము’నకు ‘ప’ పెట్టిన ఎడమవైపు నడకకు అడ్డుపడును. మన ముంబయి బిడ్డలకు మరాఠీయు ఉన్నది గదా. తెలుగులో ‘వ’ వారమునకు గుర్తయిన, మరాఠీలో అదే ‘వ’ వర్షమునకు, అనగా సంవత్సరమునకు గుర్తగును. ఒకే యింట ఒకే మీట ఒకరికి ఏడు దినములు, మరియొకరికి పండ్రెండు నెలలు దాటించును.

చోటును పట్టి ఎన్నుకొన్నచో ఈ తగవు లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లోని గొప్ప సౌకర్యమేమనగా, తెలుగు ‘ప’ ఉన్న మీటమీదనే మరాఠీ ‘ప’ ఉండును. ‘క’కు ‘క’, ‘త’కు ‘త’. కావున క్యాలెండరునకు హెచ్‌తోపాటు తెలుగు ‘ప’ను, మరాఠీ ‘ప’ను ఎడమవైపు నడకగా నేర్పినచో, మూడు భాషలలోను వ్రేలు పోవు చోటు ఒక్కటియే. తక్కిన మూడు మీటలకును ఇట్లే. క్యాల్‌కర్స్‌లో మీటలను వాడువారే మార్చుకొనవచ్చును గాని, తెలుగు అక్షరమును మీటగా అంగీకరించునో లేదో ముందుగా ఒక్కదానితో పరీక్షించుకొనుట మంచిది. విమ్ అను వ్రాత ప్రోగ్రాములో, ఆజ్ఞలిచ్చునపుడు దేశభాషల అక్షరములను ఆంగ్లపు మీటలుగా గ్రహించుటకు ల్యాంగ్‌మ్యాప్ అను ఏర్పాటే కలదు. ఈమాక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లోపలనే ఉన్నది. దానిని వాడినచో తెలుగు వ్రాయు పుటకే పరిమితమగును. ప్రక్కనున్న క్యాలెండరు మీటలు చెడవు. కంప్యూటరు మొత్తమును తెలుగునకు మార్చుటకంటె ఇది మేలు.

ఇక చుక్క సంగతి. ఇన్‌స్క్రిప్ట్ తెలుగులో చుక్క చుక్కగానే ఉండును, కామా కామాగానే ఉండును. కావున ఈమాక్స్ వారు నేటి తేదీకి చుక్కను పెట్టుట మనకు అనుకోని మేలు చేసినది. అందే నెల జరుపుటకు పెట్టిన కోణపు గుర్తులు మాత్రము నిలువవు. షిఫ్టుతో కామా నొక్కిన ‘ష’ వచ్చును. నెలలకు పేజ్‌అప్, పేజ్‌డౌన్ మీటలు తగినవి. అవి ఏ భాషలోను మారవు. వానికి షిఫ్టు చేర్చి సంవత్సరమునకు వాడుదమనిన చిక్కు. తెర నడుపు ప్రోగ్రాములు అనేకము ఆ జోడును తామే పట్టుకొని పాత వరుసలను చూపును. సంవత్సరము దాటవలసిన పని ఎంత అరుదుగా వచ్చునో ఆలోచించిన, తేదీని వ్రాసి పోవుటయే చాలును.

కామా మీటను దేనికి ఉంచవలయునో మాకొక ఆలోచన కలదు. ఈమాక్స్‌తో వచ్చు క్యాలెండరులో హీబ్రూ, ఇస్లామీయ, చైనా, మాయా కాలగణనలు ఉన్నవి గాని మన చాంద్రమానము లేదు. తెలుగువారికిని మరాఠీవారికిని మాసము అమావాస్యతో ముగియును. ఉగాదియు గుడీపాడ్వాయు ఒకే దినమున వచ్చుటకు కారణమిదియే. మన యింట తరచుగా పుట్టు ప్రశ్న ‘అమావాస్య ఎప్పుడు’ అనునది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ, ఆశ్వయుజ శుద్ధ అష్టమినాడు సద్దుల బతుకమ్మ. పువ్వులు తెచ్చువారికి, సెలవు అడుగువారికి ఆ తేదీ ముందుగా కావలయును. కామాను నొక్కిన రాబోవు పూర్ణిమకో అమావాస్యకో దేని వంతైన దానికి పోవునట్లు చేసినచో ఎంతో ఉపకారమగును.

తిథికి తిథి చొప్పున నడచు మీటను మాత్రము మేము సిఫారసు చేయము. తిథి అనగా చంద్రుడు సూర్యునినుండి పండ్రెండు డిగ్రీలు జరుగు కాలము; అది సుమారు 20 గంటలనుండి 27 గంటలలోపు మారుచుండును. ఒక దినమున సూర్యోదయమునకు లేని తిథి క్షయమగును, రెండు సూర్యోదయములకు ఉన్నది వృద్ధియగును. 2023లో భాద్రపద శుద్ధ చవితి సెప్టెంబరు 18 మధ్యాహ్నమున మొదలై 19 మధ్యాహ్నము వరకు ఉండెను. ముంబయిలో గణేశ చతుర్థి 19న జరిగినది. తెలుగు పంచాంగకర్తలలో కొందరు 18 అనిరి, కొందరు 19 అనిరి. యంత్రము ఏ గడిలో నిలువవలయును? ఆ సంవత్సరమే జులై 18 నుండి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణము. చాంద్రమాసము దాటించు మీట శ్రావణమునుండి శ్రావణమునకే పోయియుండును. కాలగణనలో గుంటలు మనకే ఉన్నవని ఎవరును చిన్నబుచ్చుకొననక్కరలేదు. క్యాల్ ప్రోగ్రాముతో 1752 సెప్టెంబరును చూచిన, ఇంగ్లండులో క్యాలెండరు మారినందున 2వ తేదీ ప్రక్కన 14 కనబడును.

అపాయకరమగు మీట ఒకటి కలదు, అది డి. క్యాల్‌కర్స్‌లో డి నొక్కిన వ్రాసిన గుర్తును తీసివేయుదునా అని అడుగును. ఈమాక్స్ క్యాలెండరులో అదే డి ఆ దినపు గుర్తులను చూపును. రెండును వాడు బిడ్డ చూడబోయి చెరపుకొనును. పోయినది పదవ తరగతి పరీక్ష తేదీ కావచ్చును. చెరపుటకు ఒక్క అక్షరపు మీట ఎన్నడును ఉండరాదు. డిలీట్ మీటయు, దాని వెంట అవునని ఒక జవాబును ఉండవలయును. తెలుగు అమరికలో డి మీట పొల్లును ఇచ్చును, ఆ మాత్రము రక్షణ తెలుగు వ్రాయువానికి కలదు.

తెలుగు అక్షరములు ముద్రించిన చిన్న చీటీలు మీటలమీద అంటించుకొనుటకు బజారులో దొరకును. దొరకనిచో తెల్లకాగితముమీద వ్రాసి, పారదర్శకపు టేపుతో అంటింపవచ్చును. ముందుగా ‘ప’, ‘ర’, ‘క’, ‘త’ అను నాలుగింటిని వాని బాణములతో సహా అంటింపుడు. చుక్క మీటమీద ‘నేడు’ అని వ్రాయుడు. మిగిలిన అక్షరములను బిడ్డలే అడిగి వ్రాయించుకొందురు.