వంద గుడ్లు, మూడు గుడ్లు, ఒకే లెక్క

భావనపాడు నుంచి బారువ దాకా పరుచుకున్న ఇసుక తీరంలో, చలికాలం వెళ్లే రోజుల్లో, ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కుతుంది. మూరెడు లోతు గుంత తవ్వి, ఒక్క విడతలో 100కు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లల ముఖం కూడా చూడదు. అదే చలికాలంలో, టెక్కలి మండలంలోని తేలినీలాపురం చెట్ల మీద గూడబాతుల జంట మూడు గుడ్ల కోసం నెల రోజులు వంతులు వేసుకుని పొదుగుతుంది. ఊళ్లో ఆవు తొమ్మిది నెలల పైచిలుకు మోసి ఒక్క దూడను ఈనుతుంది.

100, 3, 1. ఒంటి సైజును బట్టే ఈ తేడా అనుకుంటే లెక్క కుదరదు. తాబేలు బరువు 40 కిలోల దాకా ఉంటుంది, గూడబాతు 5 కిలోలు. వంద గుడ్లు పెట్టేది పెద్దదే.

కాబట్టి లెక్క రెండో చివర నుంచి మొదలుపెట్టాలి. ఒక జాతి సంఖ్య పెరగకుండా, తరగకుండా నిలకడగా ఉందంటే ఒక్కటే అర్థం: ఒక ఆడ, ఒక మగ జీవితమంతా కన్న పిల్లల్లో సగటున రెండే పెద్దవై, మళ్లీ పిల్లల్ని కంటున్నాయి. రెండుకు బదులు మూడు మిగిలితే పది తరాలకు ఆ జాతి దాదాపు 58 రెట్లవుతుంది. ఒక్కటే మిగిలితే పది తరాలకు వెయ్యిలో ఒక వంతుకు పడిపోతుంది. అన్ని జంతువుల్లోకీ ఏనుగే నిదానంగా కంటుందని చార్లెస్ డార్విన్ దాన్నే తీసుకుని లెక్క కట్టాడు. ఒక జంట జీవితకాలంలో ఆరు పిల్లల్ని కని, అవన్నీ బతికితే, 750 ఏళ్లలోపే దాని సంతతి కోటీ 90 లక్షలకు చేరుతుందని తేల్చాడు. భూమి ఏనుగులతో నిండిపోలేదు. అంటే తక్కినవన్నీ ఎక్కడో రాలిపోతున్నాయి. ఎన్ని పుట్టాలన్నది ఆ రాలిపోయే తీరును బట్టే ఉంటుంది.

అసలు కనడం దేనికి? జాతిని నిలబెట్టడానికని బడిలో చెప్పేవారు. ఆ జవాబు నాకు సరిపోదు. ఏ తాబేలుకూ తన జాతి గురించిన చింత లేదు. ముసలితనమే రాని ప్రాణి ఒకటి ఉందనుకుందాం. దానికీ తుపానులు, రోగాలు, వేటాడే జంతువులు తప్పవు. ఏటా పదింటిలో ఒకటి అలా పోతుందనుకుంటే, 50 ఏళ్ల తర్వాత వెయ్యింటిలో మిగిలేవి ఐదు. ఏ శరీరమూ ఎల్లకాలం నిలవదు. పిల్లల్ని కనకుండా పోయినవాటి గుణాలు వాటితోనే పోయాయి. కన్నవాటి గుణాలే, కనాలన్న ఆరాటంతో సహా, ఇప్పుడున్న ప్రతి ప్రాణిలోనూ ఉన్నాయి.

తేలినీలాపురం గూడబాతుల దగ్గరికి వద్దాం. వీటిని సైబీరియా పక్షులంటారు కానీ, గూడబాతులూ, వాటి పక్కనే గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలూ మన దేశపు పక్షులే. సైబీరియా నుంచి వచ్చే పక్షులు చలికి తలదాచుకుని వెళ్తాయి తప్ప ఇక్కడ గుడ్లు పెట్టవు. సెప్టెంబరు ప్రాంతంలో వచ్చే గూడబాతులు పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లాంటివి. మరి మూడు గుడ్లే ఎందుకు? బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త డేవిడ్ లాక్ 1947లో దీనికి జవాబు చెప్పాడు: పక్షి పెట్టేది పెట్టగలిగినన్ని గుడ్లు కాదు, మేపి పెంచగలిగినన్ని. గూడబాతు పిల్ల మూడు నెలలకు పైగా తల్లిదండ్రులు తెచ్చే చేపల మీదే బతకాలి. నౌపడ చుట్టుపక్కల తంపరల్లో, చెరువుల్లో పట్టిన చేపను మోసుకొచ్చేది రెండే పక్షులు. ఆరు గుడ్లు పెడితే ఆరు పిల్లలూ అరకడుపుతో చస్తాయి. మూడు గుడ్లు కూడా ఒకేసారి పిల్లలు కావు. ముందు పుట్టినది పెద్దదై తిండి లాక్కుంటుంది. చేప దొరకని ఏడాది ఆఖరి పిల్ల దక్కదు. చూడటానికి కఠినంగా ఉంటుంది, కానీ మంచి ఏడాదికి మూడు, చెడ్డ ఏడాదికి ఒకటి అన్న జాగ్రత్త అందులో ఉంది.

ఉద్దానం కొబ్బరి చెట్టుదీ అదే పద్ధతి. నెలకో గెల వేస్తుంది, ప్రతి గెలకూ పదుల కొద్దీ ఆడపూలు. వాటిలో ఎక్కువ భాగం పిందెగానే రాలిపోతాయి, చెట్టు మోయగలిగినవే నిలుస్తాయి. ఏడాదికి 80 కాయల చొప్పున 50 ఏళ్లకు 4,000 కాయలు. ఒకే చెట్టుకు ఆడపూలూ మగపూలూ ఉంటాయి కాబట్టి దాని బదులు మొలవాల్సింది ఒక్క కాయే. అయితే ఆ బదులు రావడానికి పట్టే కాలం తక్కువ కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఒక్క పూటలో తోటలను కూల్చేసింది. ఆ మరుసటి ఏడాది నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికే ఆరేడేళ్లు కావాలి.

మనుషుల సంగతి. ఒక స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలుంటే జనాభా నిలకడగా ఉంటుందంటారు. ఆ పైన ఉన్న 0.1 ఎందుకంటే, ఆడపిల్లల కన్నా మగపిల్లలు కాస్త ఎక్కువ పుడతారు, పుట్టిన ఆడపిల్లల్లో కొందరు తల్లులయ్యే వయసుకు చేరరు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1,000 మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. అప్పుడు సగటు కాన్పులు ఐదుకు పైన. 2020కి శిశుమరణాలు 28కి తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశపు సగటు 2.0, ఆంధ్రప్రదేశ్‌ది 1.7. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, ఆడపిల్లల చదువు కలిసి తెచ్చిన మార్పు ఇది. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం ఉన్న తల్లికి ఐదో కాన్పు అక్కర్లేదు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న మన రాష్ట్రపు 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తీసేసింది. అది మంచి పనే. ఎందరిని కనాలో ఆ తల్లిదండ్రులు తేల్చుకోవాలి, చట్టం కాదు.

ఇక తాబేలు. ఒడ్డున గుడ్లకు కుక్కలు, నక్కలు. 45 నుంచి 60 రోజులకు బయటికొచ్చే పిల్లలకు కాకులు, పీతలు. నీళ్లలో దిగాక చేపలు. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని సాధారణంగా వేసే అంచనా. ఆ అంచనాతోనే లెక్క కడదాం. రెండు మిగలాలంటే కనీసం 2,000 గుడ్లు కావాలి. ఏడాదికి రెండు గూళ్లు, గూటికి వంద చొప్పున 200. అంటే తల్లి కనీసం పది సీజన్లు ఒడ్డుకు రావాలి. అదీ పదేళ్లు దాటి ఈడుకొచ్చాక. రెండో సీజన్ ముగియగానే అది వలలో చిక్కి ఊపిరాడక చస్తే, 1,600 గుడ్లు సముద్రంలోనే పోయినట్టు. అటవీశాఖ వారు, స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రిళ్లు తిరిగి గుడ్లు ఏరి, కంచె వేసిన హేచరీల్లో పొదిగించి పిల్లల్ని వదులుతున్నారు. వాళ్ల శ్రమకు దండం పెట్టాలి. కానీ అది లెక్కలో మొదటి మెట్టును మాత్రమే గట్టిపరుస్తుంది. పెద్ద తాబేలు ఒకటి పోతే దాని చోట మరొకటి పెద్దదవడానికి కనీసం వెయ్యి గుడ్లు, అంటే పది గూళ్లు కావాలి.

గూడబాతులకూ పెద్దవి పోవడమే ప్రమాదం. 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో నులిపురుగుల బెడదతో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. ఏటా మూడు గుడ్లే పెట్టే పక్షికి అంత నష్టం పూడటానికి ఏళ్లు పడుతుంది.

తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టిన తేదీలవి. తాబేళ్లు ఒడ్డుకు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. నిషేధం మొదలయ్యేసరికి చాలా తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి, లేదా వలల్లో పోతాయి. ఆ మూడు నెలలూ వేట ఆపమంటే మత్స్యకారుల పూట గడవదు. వేట ఆపకుండానే తాబేలును కాపాడటానికి ట్రాల్ వలలో బిగించే చట్రం ఒకటుంది, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు తయారుచేసింది. రొయ్యలు దాని సందుల్లోంచి వల చివరికి వెళ్తాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. అలాంటి చట్రాలు వాడటం లేదనే అమెరికా 2019 నుంచి మన దేశపు సముద్ర రొయ్యలను రానివ్వడం లేదు. ఈ తీరం ముందు వల లాగే ప్రతి ట్రాలర్‌కూ ప్రభుత్వమే ఆ చట్రాన్ని కొనిచ్చి, డిసెంబరులోపు బిగించాలి.