దుబాయ్‌కి తోక కోస్తే

“అరబ్బీలో దుబాయ్ అని వెతికితే ఎలుగుబంటి గురించిన పేజీలు ఎందుకొచ్చాయి?” మా దుబాయ్ ఆఫీసులో ఒక జూనియర్ అడిగాడు. చక్కటి ప్రశ్న. దాని జవాబు లూసీన్ ఎనలైజర్‌లో ఉంది. డగ్ కటింగ్ జావాలో రాసిన ఈ సెర్చ్ లైబ్రరీ 2001లో అపాచీ గూటికి చేరింది. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఈ ఎనలైజరే.

లూసీన్ మాటల్ని ఉన్నదున్నట్టు దాచుకోదు. ఎనలైజర్ ముందు వాక్యాన్ని టోకెన్లుగా, అంటే విడి మాటలుగా, విడగొడుతుంది. తర్వాత ఫిల్టర్లు వాటిని వరసగా సాపు చేస్తాయి. అరబ్బీలో అబుదాబి రాసేటప్పుడు మొదటి అలిఫ్‌కు కొందరు హంజా పెడతారు, కొందరు పెట్టరు. చివరి ‘యా’ కింద కొందరు చుక్కలు వదిలేస్తారు. నార్మలైజర్ ఈ రాతలన్నిటినీ ఒకటి చేస్తుంది. ఆపైన మాటల కొసలు కోసే స్టెమర్ పని మొదలవుతుంది. షార్జా అరబ్బీ పేరు ‘అల్ షారిఖ’లో ముందున్న ‘అల్’నూ చివరి అక్షరాన్నీ కోసి ‘షారిఖ్’ను మిగులుస్తుంది.

దుబాయ్‌కి అరబ్బీలో మూడే అక్షరాలు: దాల్, బా, యా. చివరి ‘యా’ను స్టెమర్ ప్రత్యయం అనుకుంటుంది. కోశాక రెండక్షరాలు మిగిలితే చాలన్నది దాని నియమం. మిగిలిన దాల్, బా అక్షరాలే ఎలుగుబంటి స్పెల్లింగ్! దుబాయ్‌ని స్టెమ్ మినహాయింపుల జాబితాలో చేర్చి, ఇండెక్స్ మళ్లీ కట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

ఇంత మొరటు కోత ఎందుకు? షిరీన్ ఖోజా రాసిన అరబ్బీ స్టెమర్ ప్రతి మాటనూ ధాతువుదాకా తవ్వేది. అలా తవ్వితే కితాబ్ (పుస్తకం), మక్తబ్ (ఆఫీసు) ఒకే కుప్పలో పడతాయి. పరిశోధకురాలు లియా లార్కీ బృందం పైపైన కోస్తే చాలని పట్టుబట్టి, వెతుకులాటలో అదే మెరుగని 2002లో పరీక్షించి చూపింది. లూసీన్ ఆ దారే పట్టింది.

ప్రోగ్రామింగ్ భాష మారితే మరో చిక్కు. పైలూసీన్ పైథాన్ లోపల అసలు జావా ఇంజన్‌నే నడుపుతుంది. లూసీన్ డాట్‌నెట్ మాత్రం దాన్ని సీషార్ప్‌లో తిరగరాసిన రూపం. జావావైపు అరబ్బీ ఎనలైజర్‌తో ఇండెక్స్ కట్టి, సీషార్ప్‌వైపు కొసలు కోయని స్టాండర్డ్ ఎనలైజర్‌తో వెతికితే షార్జా దొరకదు. ఎర్రర్ కూడా రాదు, సున్నా ఫలితాలు వస్తాయి. ధాన్యం పోసేటప్పుడూ తీసేటప్పుడూ ఒకే కుంచంతో కొలవాలి.

అందుకే ఒకే వాక్యాన్ని రెండువైపులా పంపి, టోకెన్లను పక్కపక్కన అచ్చువేయండి. పిలవాల్సిన వరస ఇది: ముందు రీసెట్, తర్వాత టోకెన్లున్నంతసేపూ ఇంక్రిమెంట్‌టోకెన్, చివర ఎండ్, క్లోజ్. యూనికోడ్ నంబర్లు కూడా చూడండి. ఎమిరేట్స్‌లో ఉర్దూ, ఫార్సీ కీబోర్డులు వాడేవాళ్లు ఎందరో. వాటి ‘యే’ మాట చివర కంటికి చుక్కల్లేని అరబ్బీ ‘యా’లాగే ఉంటుంది, నంబరు వేరు. అరబ్బీ నార్మలైజర్ దాన్ని ముట్టుకోదు. ఫార్సీ నార్మలైజర్ సరిచేస్తుంది.

లూసీన్ మీదే సోలార్, ఎలాస్టిక్‌సెర్చ్ లేచాయి. ఇప్పుడు తెలుగు ఎనలైజర్ కూడా వచ్చింది. అది కోసే ప్రత్యయాలకు మన ఊళ్ల పేర్లలో ఏవేవి దెబ్బతింటున్నాయో పరీక్షించి, మినహాయింపుల జాబితా రాయాల్సింది తెలుగు తెలిసిన మనమే.